నాలుగు మూరల దర్వాజ

బాలలక్ష్మి అని పేరు పెట్టినవాళ్లు ఆ పిల్ల ఇంత పొడుగు పెరుగుతుందని కలలో కూడా అనుకుని ఉండరు. పద్నాలుగేళ్లకే తండ్రిని దాటేసింది. పెళ్లిలో పీటల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉంది గాని, లేచి నిలబడగానే పెళ్లికొడుకు నర్సింగం తల ఆమె చెవి దగ్గర ఆగిపోయింది. పెళ్లికి వచ్చిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నర్సింగం మాత్రం ఏమీ అనుకోలేదు. అతను మెదక్ బజార్లో దర్జీ. మనుషులు రకరకాల కొలతల్లో ఉంటారని, మనిషిని చూసి గుడ్డ కత్తిరించాలే తప్ప గుడ్డను చూసి మనిషిని కత్తిరించకూడదని తెలిసినవాడు.

ఆ తెలివి గుడ్డల దగ్గరే ఆగింది. తలుపుల దాకా రాలేదు.

కోట కింది గల్లీలో వాళ్లది కిరాయి ఇల్లు. కొత్తకోడలు వచ్చిన రోజున అత్త యాదవ్వ హారతి పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడింది. బాలలక్ష్మి కుడికాలు లోపల పెట్టింది, నెత్తి బయటే కొట్టుకుంది. ఠపామని చప్పుడైంది. హారతి కూడా ఒకసారి ఉలిక్కిపడింది.

"జర వంగాలె బిడ్డా," అంది యాదవ్వ. "ఆడిపిల్ల అన్నంక వంగాలె. వంగితే పోయేదేమున్నది?"

యాదవ్వకేం, ఎన్నైనా చెబుతుంది. ఆమె కొడుకు కంటే పొట్టి. ఆ దర్వాజ పైకట్టె ఎలా ఉంటుందో చూడాలంటే ఆమె మెడ పైకెత్తాలి. అలా పన్నెండేళ్లు గడిచాయి. లలిత పుట్టింది, పదేళ్లదైంది, అది కూడా తల్లి పోలికే, తాటిమొక్కలాగా లేస్తోంది. బాలలక్ష్మి మాత్రం రోజుకు పదిసార్లు వంగుతూనే ఉంది, తొందరలో మరిచిపోయిన రోజున దెబ్బ తింటూనే ఉంది.

అందుకే నలభై ఎనిమిది ఎండాకాలంలో, చర్చికి పోయే తొవ్వలో జాగా కొని సొంతిల్లు మొదలుపెట్టినప్పుడు, ఆమె వంటింటి గురించి నోరెత్తలేదు. పడకగది ఎటువైపన్నా సరేనంది. ఇంటి ముందుభాగం మాత్రం తనకు వదిలెయ్యమంది. ముగ్గుపిండి తెచ్చి నేలమీదే గీసి చూపించింది.

"కుట్టించుకునేటోళ్లు ఎల్దుర్తి నుంచి, నిజాంపేట నుంచి కాలినడకన వస్తరు. ఎండల నిలబడి నిలబడి వాళ్లకు పానం పోతుంది. గందుకని గిటు ఒక అరుగు, గటు ఒక అరుగు. రెండిటి మీద పెంకుల నీడ. ఒక అరుగు ఎత్తు, మొగోళ్లు కాళ్లు ఏలాడేసుకొని కూసుంటరు. ఇంకోటి పొట్టి, ముసలోళ్లకు, సంకల పిల్లలున్నోళ్లకు. గీ మూలకు నీళ్ల గోలెం, దాని ముంగట కాళ్లు కడుగుకునే బండ. గా నీళ్లు గిట్ల పోయి కరివేపాకు చెట్టుకు పారాలె. గొంగళ్లు, గొడుగులు తగిలించుకునేటందుకు కొయ్యలు."

నర్సింగం గీతల చుట్టూ తిరిగి చూశాడు. గిరాకీలను ఎండలో నిలబెట్టడం అతనికీ బాధే.

"మంచిగున్నది. మరి దర్వాజ?"

"పొడుగ్గ."

అక్కడే పేచీ పడింది. ఆ రోజుల్లో ఊళ్లల్లో ఒకవైపు నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, ఇంకోవైపు నిజాం తరఫు రజాకార్లు. లారీ చప్పుడైతే చాలు, బజారంతా తలుపులు దబదబా మూసుకునేది.

"గీ దినాలల్ల పొడుగు దర్వాజ పెట్టుడంటే రజాకార్లను దావతుకు పిలిచినట్టే," అన్నాడు నర్సింగం. "దర్వాజ చిన్నగుండాలె. లోపటికొచ్చేటోడు ముందుగాల నెత్తి వంచాలె. వంచిన నెత్తి మీద రోకటితోని ఒక్కటి ఏసుకోవచ్చు."

"ఎవలేస్తరు? నువ్వా?"

"మా అవ్వ ఏస్తది."

యాదవ్వ గంభీరంగా తలూపింది. నర్సింగం సంగతి బాలలక్ష్మికి తెలుసు. ఇంట్లో తేలు కనబడితే మంచమెక్కి పెళ్లాన్ని పిలిచే మనిషి. కాని భయపడేవాడితో వాదించి గెలవడం ఎవరి తరం? మాట మీద మాట పెంచకుండా మిగిలిన ముగ్గుపిండి ఎత్తుకుంది. మనసులో మాత్రం కష్టమైంది. ఇల్లంటే రేపో మాపో ఖాళీ చేసేది కాదు గదా. చచ్చేదాకా ఆ దర్వాజలోంచే రావాలి, పోవాలి.

వడ్రంగి భూమయ్యను, మేస్త్రీ గాబ్రియేలును పిలిచారు. ఇల్లు కట్టాలంటే టేపు పనికిరాదు, అది అందరికీ తెలిసిందే. ఇంటి యజమాని మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఎంతో, అదే ఆ ఇంటికి మూర. గోడలైనా తలుపులైనా ఆ మూరతోనే లేవాలి, అప్పుడే ఇల్లు యజమానికి అచ్చొస్తుంది. ఊరందరికీ టేపుతో కొలతలు తీసే నర్సింగం తన చెయ్యి చాపి నిలబడ్డాడు. భూమయ్య ఆ చేతి పొడుగున ఒక కట్టె కోసుకున్నాడు. గాబ్రియేలు ఇంకోటి కోసుకున్నాడు.

"దర్వాజ నాలుగు మూరల ఎత్తు, రెండు మూరల ఎడల్పు," అన్నాడు నర్సింగం.

వాళ్లు పోయాక బాలలక్ష్మి, గాబ్రియేలు వదిలిపోయిన కట్టెను గోడకానించి నాలుగుసార్లు కొలిచి, పక్కన నిలబడి చూసుకుంది. నాలుగో మూర ఆమె నుదుటి దగ్గర ఆగింది.

మామూలుగా ముందు దర్వాజ నిలబెట్టి, దానికి అటూ ఇటూ గోడ లేపుతారు. ఈసారి బండ్లు నడవక కలప రాలేదు. వానలకు ముందే గోడలు లేవాలి కనక, దర్వాజకు జాగా వదిలి కట్టుకుంటూ పోదామనుకున్నారు. వెనకగోడ, పక్కగోడలు లేచాయి. ముందుగోడకు వచ్చేసరికి శ్రావణం వచ్చింది, దాంతోపాటు నర్సింగానికి పిలుపూ వచ్చింది. నలభై జతల ఖాకీ బట్టలు, రజాకార్ల కోసం, పది రోజుల్లో కుట్టియ్యాలి. కుడితే సంఘం వాళ్లు ఊరుకోరు. కుట్టకపోతే వీళ్లు ఊరుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాలూకా కచేరీలో గుమాస్తా ఖాసిం సాబు, నర్సింగం కుట్టిన షేర్వాణీ తప్ప ఇంకోటి తొడగని మనిషి, చెవిలో ఒక మాట వేశాడు: "కొన్నాళ్లు ఊళ్లె ఉండకు నర్సింగం." అంతే, తెల్లారకముందే నర్సింగం చద్దిమూట కట్టుకున్నాడు.

"నేను లేనని పని ఆపకు. వానకు గోడలు కరుగుతయి," అని పెళ్లానికి చెప్పి, మనోహరాబాద్ దాకా నడిచి రైలెక్కి, నిజాం రాజ్యం సరిహద్దు దాటి మన్మాడ్ చేరుకున్నాడు. క్షేమంగా ఉన్నాడని వారం తర్వాత ఎవరో వచ్చి చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు.

కబురు వచ్చిన మర్నాడు గాబ్రియేలు ముందుగోడ పనికి దిగాడు. దిగీదిగగానే చేతులు నడుముకు పెట్టుకున్నాడు.

"వదినె, నా మూరకట్టె ఏది?"

వెతికారు. ఇసక కింద, రాళ్ల సందున, గంపల కింద. చివరికి యాదవ్వ అడిగింది, "గింత పొడుగుంటదా? నున్నగ చెక్కి ఉంటదా?"

"అవునవ్వా. చూసినవా?"

"నిన్న గంజి కాసిన. కట్టెలన్నీ వానకు తడిసినయి. గీడ దొరికిన గది ఒక్కటే మంచిగ మండింది."

గాబ్రియేలు తల పట్టుకున్నాడు. కరువు రోజుల్లో పెద్ద చర్చి కడుతుంటే రాళ్లు మోసి మోసి పని నేర్చుకున్న మనిషి. అంత పెద్ద కట్టడంలోనూ కొలతకట్టెను పొయ్యిలో పెట్టినవాళ్లను చూడలేదన్నాడు.

"మల్ల యజమాని మూర కావాలె."

"యజమాని మన్మాడ్ల ఉన్నడు. ఆణ్నుంచే చెయ్యి చాపుమనాల్నా?" అంది యాదవ్వ, తప్పు తనదే కాబట్టి కాస్త కోపంగా. "నాది తీస్కో. నేను ఆని తల్లిని."

గాబ్రియేలు ఆమె చెయ్యి చూశాడు. "అవ్వా, నీ మూరతోని కడితే కోళ్లగూడైతది."

"అయితే ఇగ ఎవలున్నరు? కొడుకు లేనప్పుడు కోడలే యజమాని. దానిది తీస్కో."

బాలలక్ష్మి చెయ్యి చాపింది. మామూలుగా చాపలేదు. గోటి కొస కూడా వృథా పోకుండా, భుజం దగ్గర్నుంచి సాగదీసి చాపింది. గాబ్రియేలు ఆ చేతిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, మీసాల్లో నవ్వుకుని కట్టె కోశాడు.

"దర్వాజ ఎత్తు నాలుగేనా వదినె?"

"నాలుగే. మీ దోస్తు చెప్పినయే."

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అయినా ఆ రోజంతా ఆమె ఒక చోట కుదురుగా కూర్చోలేదు. భయానికి సగం, సంతోషానికి సగం. గోడ వరస వరసకూ లేస్తుంటే రోజుకోసారి వచ్చి ఆ ఖాళీ జాగాలో నిలబడి పోయేది. పైన అడ్డబండ వేసిన రోజున దాని కింద నిలబడితే, నెత్తికీ బండకూ మధ్య గాలి ఆడింది. ఆ గాలే ఆమెకు నెత్తిన పెట్టుకున్న సింగారంలాగా అనిపించింది. రెండు అరుగులూ లేచాయి, గోలెం జాగా కుదిరింది. ఆలస్యంగా వచ్చిన కలపతో భూమయ్య కొట్టంలో తయారవుతున్న దర్వాజ చట్రం, ఆ చౌకటు సంగతి మాత్రం ఆమెకు తట్టనే లేదు. నాలుగంటే నాలుగే గదా అనుకుంది.

భాద్రపదంలో భూమయ్య చౌకటును బండి మీద తెచ్చాడు. మంచి మద్దికలప, పైకట్టె మీద చిలకలు చెక్కాడు. నలుగురు కలిసి ఎత్తి గోడ మధ్య నిలబెట్టారు. పైన జానెడు సందు. పక్కన నాలుగువేళ్ల సందు. పెద్దన్న అంగీ తొడుక్కున్న తమ్ముడిలాగా ఉంది.

"ఎన్ని మూరలు కట్టినవు?" అన్నాడు భూమయ్య.

"నాలుగు. నువ్వెన్ని కోసినవు?"

"నాలుగు."

"నీకు లెక్క రాదు."

"నీకు చూపు ఆనదు."

ఇద్దరూ కాసేపు ఒకరి తాతలను ఒకరు తలుచుకున్నాక, కట్టెలు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఇద్దరి చూపులూ బాలలక్ష్మి వైపు తిరిగాయి. యాదవ్వ చూపు అందరికంటే ముందే తిరిగింది.

"గిదా నీ పని!" అంది. "నా కొడుకు లేంది చూసి దర్వాజ పెంచుకున్నవా?"

"చెయ్యి చాపుమంటే చాపిన అత్తమ్మా."

"ఏం గాదు," అన్నాడు భూమయ్య. "పైన సందుల కట్టె జాలీ పెడత. గాలొస్తది, అందంగుంటది."

"జాలీ పెట్టినా దర్వాజ గంతే ఎత్తుంటది గదన్నా," అంది బాలలక్ష్మి. గాబ్రియేలు వైపు తిరిగి అడిగింది, "అడుగున రాయి పెట్టి చౌకటును లేపరాదా?"

"లేపొచ్చు. కడప జానెడు ఎత్తైతది, దాటాలె మరి. నెత్తికి మాత్రం తాకది."

"జానెడు కడప నేనెట్ల దాటాలె?" యాదవ్వ అడ్డం వచ్చింది. "నా మోకాళ్లు నీకు కనవడుతలేవా? ఏం లేపుడు వద్దు, జాలీ వద్దు. నా కొడుకు చెప్పింది చెప్పినట్టుండాలె. రేపు ఇటికె పెట్టి సందు నింపుండ్రి."

పెద్దమనిషి మాట. పైగా మోకాళ్ల మాట అబద్ధం కాదు. బాలలక్ష్మి ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఏడ్చింది. సొంతింట్లో కూడా వంగుడే. రేపు లలితా వంగుడే. దర్వాజ గురించి ఏడుస్తారా అని ఎవరైనా అడిగితే, అవును, ఏడుస్తారు. రోజుకు పదిసార్లు వంగినవాళ్లు ఏడుస్తారు.

ఆ సాయంత్రం ఆమె కిరాయి ఇంటి వాకిట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే లోపల్నుంచి యాదవ్వ కేక వేసింది, "పాలు పొంగుతున్నయే, ఉరుకు!" తన మోకాళ్లతో లేచేలోపు పాలన్నీ పొయ్యిపాలవుతాయి. బాలలక్ష్మి బట్టలు చంకన వేసుకుని పరుగెత్తింది. పాలు గుర్తున్నాయి, దర్వాజ గుర్తులేదు.

ఈసారి దెబ్బ గట్టిగానే తగిలింది. కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడింది. పాపట్లోంచి రక్తం వచ్చింది.

యాదవ్వకు పాలూ గుర్తు లేవు, మోకాళ్లూ గుర్తు లేవు. పసుపు డబ్బా పట్టుకుని వచ్చి కోడలి వెనక నిలబడి, కొప్పు విప్పి, వెంట్రుకలు పాయ తీసింది. తీసి అలాగే ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఆమె కోడలి నెత్తిని ఎన్నడూ పైనుంచి చూడలేదు. ఎలా చూస్తుంది? కోడలు నిలబడితే అందదు. తలంటుకు కూడా ఎప్పుడూ అత్త చెయ్యి పడనియ్యలేదు. ఇప్పుడు చూస్తే పాపట పొడుగునా మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"గిదెప్పటిదే?"

"లలిత కడుపుల ఉన్నప్పటిది."

"గిది?"

"పోయినేడు బతుకమ్మ పండుగకు."

"మరి గీ పెద్దది?"

"నేనొచ్చిన దినానిది అత్తమ్మా. నువ్వు హారతి పట్టుకొని నిలవడ్డవు చూడు."

యాదవ్వ చెయ్యి పసుపులోనే ఉండిపోయింది.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెప్తే వంగుమంటివి గద."

యాదవ్వ గాయానికి పసుపు అద్ది, ఊదింది. పసిపిల్లకు ఊదినట్టు ఊదింది. ఆ ఊపిరి నెత్తికి తగులుతుంటే బాలలక్ష్మి నొప్పి మరిచి కళ్లు మూసుకుంది. అవతల పాలు మాడి ఇల్లంతా వాసన.

మర్నాడు గాబ్రియేలు ఇటికెలు తడుపుతుంటే యాదవ్వ అందరికంటే ముందే అక్కడికి వచ్చి కూర్చుంది.

"ఇటికెలు పక్కన పెట్టు. రాయి పెట్టి చౌకటును లేపుండ్రి."

"నీ కొడుకు మాట?"

"ఆడొచ్చినంక నేను చెప్పుకుంట. రజాకారోడు వస్తే ఒక్కనాడొస్తడు, లేకుంటే రానే రాడు. ఆని కోసం నా కోడలు దినాం పదిసార్లు వంగాల్నా?"

"మరి మోకాళ్లు?"

"మోకాళ్లు నాయి, నా ఇష్టం. భూమయ్యా, పట్టుకొని దాటేటందుకు చౌకటు పక్కన గట్టిగ ఒక కొయ్య కొట్టు. నా ఎత్తుకు కొట్టు, కోడలెత్తుకు గాదు."

అలా జానెడు రాయి మీద చౌకటు నిలబడింది. పక్కన మిగిలిన నాలుగువేళ్ల సందులో భూమయ్య పొడుగుచెక్క దించి, దానికే గొంగళ్ల కొయ్యలు బిగించాడు. అన్నిటికంటే కిందుగా, చేతికి అందేలా, యాదవ్వ కొయ్య. ముసలివాళ్లెవరు వచ్చినా పట్టుకుని దాటొచ్చు. ఇంత మంచి ఏర్పాటు ముందే ఎందుకు తట్టలేదా అని ఇద్దరు పనివాళ్లూ ఆశ్చర్యపోయి, ఎవరికి వారు అది తమ ఆలోచనే అని చెప్పుకోసాగారు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే సర్కారే మారిపోయింది. ఆకాశంలో విమానాలు, రోడ్డు మీద ఇండియా మిలిటరీ లారీలు. ఐదు రోజుల్లో అంతా అయిపోయిందన్నారు. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పది రోజులకు నర్సింగం పడకచుట్ట నెత్తిన పెట్టుకుని, గడ్డం పెంచుకుని, చిక్కి సగమై దిగాడు. లలిత పరుగెత్తి కావలించుకుంది. యాదవ్వ ఏడ్చింది. బాలలక్ష్మి కూడా ఏడ్చింది గాని, కళ్లు తుడుచుకుంటూనే భర్త చూపు ఎటు పోతుందో కనిపెడుతోంది.

దర్జీ కన్ను కొలత తప్పదు. కొత్తింటి ముందు నిలబడి ఒక్కసారి కిందికీ పైకీ చూశాడు.

"నాలుగు మూరలేనా గిది?"

"నాలుగే," అంది బాలలక్ష్మి. "కింద ఒక రాయి."

"ఎవలి మూర?"

"కట్టె నేనే కాలవెట్టిన. రాయి నేనే పెట్టిచ్చిన," అంది యాదవ్వ, కొయ్య పట్టుకుని గడప దాటుతూ. "ఏమన్న అనేదుంటే నన్ను అను."

నర్సింగం అరుగు మీద కూర్చున్నాడు. కూర్చుని అరుగును అరచేత్తో రాశాడు.

"నెలన్నర దర్వాజే లేని రేకుల షెడ్డుల పండుకున్ననే," అన్నాడు. "దొంగ రాలే, దొర రాలే. గోడలు లేని కాడ నిద్రపట్టింది. గీడ ఉన్నన్ని దినాలు మాత్రం గడియ పెట్టుకొని సుత పట్టకపోయేది. ఇగ ఉండనీ. కాకపోతే గీ దర్వాజకు సరిపోవాలంటే నేనింకో జానెడు పెరగాలె."

"పెరుగు. ఎవలద్దన్నరు?" అంది బాలలక్ష్మి. ఆమె అంత పెద్దగా నవ్వడం అతను పెళ్లయ్యాక అదే మొదటిసారి విన్నాడు.

దసరానాడు ఇల్లు చొచ్చారు. గోలెం నిండా నీళ్లు, గుమ్మానికి బంతిపూలు. పెద్ద అరుగు మీద ఖాసిం సాబు, గాబ్రియేలు, భూమయ్య కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. పొట్టి అరుగు మీద ఎల్దుర్తి నుంచి వచ్చిన ముసలమ్మలు. పంతులు మంత్రాలు మొదలుపెట్టాడు. బాలలక్ష్మి కొత్తచీరలో, రెండు చేతుల్లో నీళ్ల కలశం పట్టుకుని, భర్త పక్కన నడిచింది. గడప దగ్గరికి వచ్చింది. కుడికాలు ఎత్తింది. ఎత్తి, మెడ వంచి, చక్కగా కిందికి వంగి లోపలికి పోయింది.

అరుగుల మీద అందరూ గొల్లుమన్నారు. పైన బెత్తెడు గాలి ఉంది, కొట్టుకునేందుకు ఏమీ లేదు.

"అమ్మా, ఎందుకు వంగినవే?" అంది లలిత.

బాలలక్ష్మి లోపల నిలబడిపోయింది. దర్వాజ పెద్దదైందని ఆమెకు తెలుసు, మెడకు ఎవరూ చెప్పలేదు. అది పన్నెండేళ్ల అలవాటు మీదే ఉంది. ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి, కలశంలో నీళ్లు తొణికాయి.

"మల్ల పోదాం పా," అన్నాడు నర్సింగం.

"రెండుసార్లు ప్రవేశం శాస్త్రంలో లేదు," అన్నాడు పంతులు.

"శాస్త్రం జర సేపు అరుగు మీద కూసుంటది పంతులూ, జాగా ఉన్నది," అంది యాదవ్వ.

భార్యాభర్తలు బయటికి వచ్చి మళ్లీ నిలబడ్డారు. నవ్వులు ఆగాయి. బాలలక్ష్మి పైకట్టె మీది చిలకలను ఒకసారి చూసింది. కాలెత్తింది, మెడ మళ్లీ వంగబోయింది. ఆగింది.

గుమ్మం లోపల నుంచి యాదవ్వ, మెడ పైకెత్తి కోడలి ముఖంలోకే చూస్తూ, మెల్లగా అంది:

"నడువు బిడ్డా. ఏం తాకది."

బాలలక్ష్మి తల ఎత్తుకుని నడిచింది. ఏమీ తాకలేదు.